పిత్తమార్గంలో అడ్డు: వృద్ధులలో కామెర్ల కారణాన్ని వెదకిన చరిత్ర

కామెర్లు అనేది ఒక వ్యాధి కాదు, వ్యాధికి గుర్తు. జ్వరం వచ్చినదంటే ఒంట్లో ఏదో చెడినదని తెలుస్తుంది గాని, ఏది చెడినదో తెలియదు. కామెర్లు కూడా అట్టివే. రక్తంలోని ఎర్రకణాలు సుమారు నాలుగు నెలలు జీవించి నశిస్తాయి. వాటిలోని హీమోగ్లోబిన్ విరిగినప్పుడు బిలిరూబిన్ అనే పసుపుపచ్చని పదార్థం పుడుతుంది. కాలేయం దానిని రక్తంనుండి గ్రహించి, నీటిలో కరిగే రూపానికి మార్చి, పిత్తరసంలో కలిపి ప్రేగులోకి పంపివేస్తుంది. ఆరోగ్యవంతుని రక్తంలో నూరు మిల్లీలీటర్లకు సుమారు ఒక మిల్లీగ్రాముకు మించి బిలిరూబిన్ ఉండదు. అది రెండున్నర, మూడు మిల్లీగ్రాములకు పెరిగినప్పుడు కంటిలోని తెల్లభాగం పచ్చబడుతుంది.

బిలిరూబిన్ ఇట్లు పేరుకొనడానికి మూడు దారులున్నవి. ఎర్రకణాలు మితిమీరి నశించడం ఒకటి. కాలేయకణాలు దెబ్బతిని తమ పని చేయలేకపోవడం రెండవది. కాలేయం తన పని చేసినప్పటికీ పిత్తరసం ప్రవహించే నాళం మూసుకొనిపోవడం మూడవది. పిల్లలలోను, యువకులలోను కామెర్లు చాలావరకు రెండవ దారిన, అనగా వైరస్‌ల వలన కాలేయం వాచి వస్తాయి. అరవై ఏండ్లు దాటినవారిలో మూడవ దారికి ప్రాముఖ్యం పెరుగుతుంది. కండ్లు పచ్చబడి, మూత్రం ముదురు రంగు తిరిగి, మలం తెల్లబారి, ఒళ్లంతా దురద పుట్టి, కడుపు పైభాగంలో నొప్పి కూడా ఉన్నదంటే పిత్తనాళం ఎక్కడో మూసుకొన్నదని వైద్యుడు మొదట అనుమానిస్తాడు.

ఆ అనుమానం వెంట రెండు ప్రశ్నలు వస్తాయి. అడ్డు ఎక్కడ ఉన్నది? ఆ అడ్డు ఏమిటి? మొదటి ప్రశ్నకు సమాధానం చెప్పగల సాధనాలు గత నూటయాభై ఏండ్లలో ఒకదాని వెనుక ఒకటి వచ్చినవి. రెండవ ప్రశ్న అంత సులభంగా లొంగలేదు. అడ్డు చాలామందిలో రాయి గాని, కాన్సర్ గాని అవుతుంది. కొద్దిమందిలో రెండూ కాదు. ఆ కొద్దిమందిని గుర్తించలేకపోయినందువలన కోయనక్కరలేని అవయవాలను కోసిన సందర్భాలున్నవి. ఈ రెండవ ప్రశ్నను వైద్యులు ఎట్లు ఎదుర్కొన్నారో తెలుసుకొనడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఒకే ఇరుకు సందు

ఈ చిక్కు శరీరనిర్మాణంలోనే ఉన్నది. కాలేయం రోజుకు అరలీటరు మొదలు ఒక లీటరు దాకా పిత్తరసం తయారుచేస్తుంది. కాలేయంనుండి వచ్చే నాళం, పిత్తాశయంనుండి వచ్చే నాళం కలిసి ఉమ్మడి పిత్తనాళం అవుతుంది. అది క్లోమగ్రంథి తలభాగం గుండా దిగి, క్లోమనాళంతో చేరి, చిన్నప్రేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలో ఒక చిన్న బొడిపె వద్ద తెరుచుకొంటుంది. ఈ కూడలిని జర్మన్ శరీరశాస్త్రజ్ఞుడు అబ్రహాం వాటర్ 1720లో వర్ణించినాడు. నేటికీ అది ఆయన పేరుతోనే పిలువబడుతున్నది.

కాలేయం, పిత్తాశయం, క్లోమం, ఆంత్రమూలం అనే నాలుగు అవయవాలు ఇక్కడ ఒకదానినొకటి ఆనుకొని ఉన్నవి. నాలుగు వీధుల మురుగు ఒకే తూముగుండా పోతున్నప్పుడు, ఆ తూములో ఏది అడ్డుపడినా నాలుగు వీధులలోనూ నీరు ఒక్కతీరుగానే నిలుస్తుంది. అదే విధంగా ఇక్కడ రాయి చిక్కుకొన్నా, కణితి పెరిగినా, వాపు వచ్చి నాళాన్ని నొక్కినా పైకి కనిపించే లక్షణాలు ఇంచుమించు ఒక్కటే.

పడకప్రక్కన పరిశీలన

కామెర్లలో భేదాలున్నవని ప్రాచీనులు గమనించకపోలేదు. చరకసంహితలో కామల అనే పేరుతో ఈ వ్యాధి వర్ణింపబడినది. అందులో ఒక రకంలో పిత్తం వెళ్లే దారిని కఫం అడ్డగిస్తుందనీ, అప్పుడు మలం నూరిన నువ్వుల రంగులో ఉంటుందనీ చెప్పబడినది. కారణాన్ని చెప్పిన పరిభాష వేరైనా, మలం తెల్లబడడానికీ దారి మూసుకొనడానికీ సంబంధమున్నదని గుర్తించడం సూక్ష్మమైన పరిశీలన.

ఆధునిక వైద్యంలో ఈ పరిశీలనకు పట్టుకొమ్మ వేసినవారిలో ఫ్రెంచి వైద్యుడు జీన్ మార్టిన్ షార్కో ఒకడు. ఆయన పారిస్‌లోని సాల్‌పెట్రియేర్ ఆసుపత్రిలో 1862నుండి పనిచేసినాడు. అక్కడ వేలకొలది వృద్ధస్త్రీలు ఉండేవారు. వృద్ధాప్యవ్యాధులను ప్రత్యేకంగా అధ్యయనం చేయవలెనని బోధించిన తొలివారిలో ఆయన ఒకడైనాడు. చలితో కూడిన జ్వరం, కామెర్లు, కడుపు కుడివైపు పైభాగంలో నొప్పి ఈ మూడూ కలిసినప్పుడు మూసుకొన్న పిత్తనాళంలో క్రిములు చేరి చీము పట్టుతున్నదని ఆయన 1877లో వివరించినాడు. ఈ మూడింటిని షార్కో లక్షణత్రయం అంటారు. 1959లో అమెరికన్ శస్త్రవైద్యులు రెనాల్డ్స్, డార్గన్ మరి రెండింటిని చేర్చినారు. రోగి మనస్సు మందగించడం, రక్తపుపోటు పడిపోవడం కూడా తోడైతే ప్రాణాపాయం అతి సమీపంలో ఉన్నదన్నమాట.

జ్వరం లేని కామెర్ల మాట ఏమిటి? ఈ విషయంలో స్విట్జర్లండులోని బాసెల్ నగర శస్త్రవైద్యుడు లుడ్విగ్ కూర్వాజియే చేసిన పని గొప్పది. ఆయన ఊహలకు పోక లెక్కలు కట్టినాడు. ఉమ్మడి పిత్తనాళం మూసుకొన్న 187 మంది రోగుల వివరాలను పోగుచేసి 1890లో గ్రంథరూపంలో ప్రకటించినాడు. రాళ్ల వలన నాళం మూసుకొన్నవారు 87 మంది. వారిలో 70 మందికి పిత్తాశయం కుంచించుకొనిపోయినది. ఇతర కారణాల వలన మూసుకొన్నవారు నూరుమంది. వారిలో 92 మందికి పిత్తాశయం ఉబ్బి ఉన్నది. రాళ్లున్న పిత్తాశయం ఏండ్ల తరబడి వాచి, మాని, గోడలు గట్టిపడుతుంది కనుక సాగలేదని ఆయన అభిప్రాయం. కణితి పెరిగినప్పుడు పిత్తాశయం ఆరోగ్యంగానే ఉంటుంది కనుక వెనుకకు తన్నిన పిత్తరసంతో బుడగవలె ఉబ్బుతుంది. కాబట్టి కామెర్లున్న రోగి పొట్టమీద చేయి పెట్టినప్పుడు ఉబ్బిన పిత్తాశయం తగిలితే కారణం రాయి కాకపోవచ్చును.

దీనికి తరువాతివారు కూర్వాజియే నియమం అని పేరు పెట్టినారు. పాఠ్యగ్రంథాలలో అది నానాటికీ కఠినమై, ఉబ్బిన పిత్తాశయం ఉన్నదంటే కాన్సరే అన్నంతవరకు వచ్చినది. కాని కూర్వాజియే అట్లు చెప్పలేదు. ఆయన లెక్కలోనే రాళ్లున్నవారిలో 17 మందికి పిత్తాశయం ఉబ్బి ఉన్నది. రాళ్లు లేనివారిలో 8 మందికి కుంచించుకొని ఉన్నది. పైగా ఆయన రెండవ వర్గానికి పెట్టిన పేరు కాన్సర్ కాదు, ఇతర కారణాలు. ఆ ఇతర కారణాలలో ఏమేమి దాగి ఉన్నవో తెలియడానికి ఇంకా చాలా కాలం పట్టినది.

రసాయనమూ, ఛాయాచిత్రమూ

పొట్టమీద చేయి పెట్టి తెలుసుకొనలేనిదానిని రక్తంలో వెదకడానికి తరువాతి ప్రయత్నాలు జరిగినవి. బిలిరూబిన్‌తో కలిస్తే రంగు మారే ఒక రసాయనచర్యను జర్మన్ శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్ 1883లో కనుగొన్నాడు. డచ్చి వైద్యుడు వాన్ డెన్ బెర్గ్ దానిని 1913లో రక్తపరీక్షగా మలచినాడు. నాళం మూసుకొన్నవారి రక్తంలో రంగు వెంటనే వచ్చేది; ఎర్రకణాలు నశించినందున కామెర్లు వచ్చినవారి రక్తంలో ఆల్కహాలు కలిపితేగాని వచ్చేది కాదు. మొదటిది కాలేయం మార్చి పంపిన బిలిరూబిన్, రెండవది కాలేయం ఇంకా ముట్టని బిలిరూబిన్ అని 1956లో తేలినది. ఈ పరీక్ష నేటికీ ప్రతి ప్రయోగశాలలోనూ మారిన రూపంలో జరుగుతున్నది. అయితే అది కామెర్ల వర్గాన్ని చెప్పగలదు గాని, అడ్డు ఉన్న చోటును చెప్పలేదు.

చోటును చూపవలసిన పని ఎక్స్ కిరణాలమీద పడినది. 1924లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో ఎవార్ట్స్ గ్రాహం, వారెన్ కోల్ అనే వైద్యులు ఎక్స్ కిరణాలను ఆపగల రంగు పదార్థాన్ని రక్తంలోకి ఎక్కించి పిత్తాశయాన్ని చిత్రించినారు. కాని ఆ రంగు పదార్థాన్ని పిత్తంలోకి పంపవలసినది కాలేయమే. కామెర్లు ముదిరిన రోగిలో కాలేయం ఆ పని చేయలేదు. పరీక్ష ఎవరికి ఎక్కువ అవసరమో వారికే అది పనికిరాకుండా పోయినది.

దానికి ఉపాయంగా నాళంలోకే నేరుగా రంగును ఎక్కించసాగినారు. అర్జెంటీనాలోని కొర్డోబా నగర శస్త్రవైద్యుడు పాబ్లో మిరిజి 1931లో శస్త్రచికిత్స జరుగుతుండగా పిత్తనాళాలను చిత్రించినాడు. 1937లో హానోయ్ నగరంలో యూవార్, దో స్వాన్ హోప్ అనే ఇద్దరు వైద్యులు చర్మంమీదనుండి కాలేయంలోకి సూది గుచ్చి అదే పని చేసినారు. గుచ్చిన చోట రక్తం, పిత్తం కారే ప్రమాదం ఉండుట చేత ఆ పద్ధతి చాలాకాలం వెనుకబడినది. 1974లో జపాన్ వైద్యుడు ఒకుడా బృందం వెంట్రుకవలె సన్నని సూదిని ప్రచారంలోకి తెచ్చిన పిదప అది తిరిగి ప్రాణం పోసుకొన్నది. ఈలోగా 1968లో అమెరికాలో విలియం మెక్యూన్ నోటిగుండా ఎండోస్కోప్‌ను ఆంత్రమూలందాకా దించి, వాటర్ వర్ణించిన ఆ బొడిపెలోకి సన్నని గొట్టం దూర్చి రంగు ఎక్కించినాడు. జపాన్ వైద్యులు మరుసటి ఏడాదినుండి ఈ పద్ధతికి మెరుగులు దిద్దినారు. 1970ల మధ్యకాలానికి ఆ ద్వారాన్ని కొద్దిగా కోసి, పొట్ట తెరవకుండానే రాళ్లను బయటికి లాగడం సాధ్యమైనది. అల్ట్రాసౌండ్, సి.టి. పరీక్షలు ఆ దశాబ్దంలోనే ఆసుపత్రులలోకి వచ్చినవి. 1991నుండి అయస్కాంత పద్ధతిలో, సూది గాని గొట్టం గాని లేకుండానే, పిత్తనాళాల చిత్రం తీయగలుగుతున్నారు.

ఇంతటితో మొదటి ప్రశ్న తీరినదనవచ్చును. అడ్డు ఎక్కడ ఉన్నదో అంగుళం తప్పకుండా తెలుస్తున్నది.

అరుదైన కారణాలు

చిత్రాలు స్పష్టమైనకొలది రాయికీ, కాన్సర్‌కూ చెందని కారణాలు ఒక్కొక్కటే గుర్తింపుకు వచ్చినవి. వీటిలో కొన్ని పాతకాలపు వైద్యులు ముందే వర్ణించినవి. జర్మన్ వైద్యుడు హైన్రిఖ్ క్వింకె 1871లో కాలేయధమని ఉబ్బి, పగిలి, పిత్తనాళంలోకి రక్తం కారిన రోగిని వర్ణించినాడు. నాళంలో గడ్డకట్టిన రక్తమే అడ్డు అవుతుంది. కామెర్లు, నొప్పి, ప్రేగులో రక్తస్రావం మూడూ కలిసి కనబడుతాయి.

1934లో లెమ్మెల్ అనే జర్మన్ వైద్యుడు మరొక కారణాన్ని చూపినాడు. ఆంత్రమూలం గోడ ఒకచోట బలహీనపడి సంచివలె బయటికి పొంగుతుంది. వయసు పెరిగినకొలది ఇట్టి సంచులు ఎక్కువవుతాయి. చాలామందికి వాటివలన ఏ బాధా ఉండదు. పిత్తనాళద్వారం ప్రక్కనే ఏర్పడిన సంచి నిండి ఉబ్బితే మాత్రం నాళాన్ని నొక్కి, రాయి లేకుండానే కామెర్లు తెస్తుంది. 1948లో మిరిజి ఇంకొకదానిని వివరించినాడు. ఇందులో రాయి ఉన్నది గాని ఉమ్మడి పిత్తనాళంలో లేదు. పిత్తాశయం మెడలో ఇరుక్కొని, ప్రక్కనున్న నాళాన్ని బయటినుండి నొక్కుతుంది. చిత్రంలో ఇది కణితివలె కనబడి వైద్యుని మోసగించగలదు. మన దేశంలో ఏలికపాము ప్రేగునుండి పిత్తనాళంలోకి ప్రాకి అడ్డుపడడం కూడా వైద్యులు ఎరిగినదే.

ఇవన్నీ చిత్రాన్ని జాగ్రత్తగా చదివినవారికి పట్టుబడే కారణాలు. చిత్రం ఎంత స్పష్టమైనా పట్టుబడని కారణం వేరొకటి ఉన్నది.

కాన్సర్ వేషం వేసిన వాపు

క్లోమం తలభాగంలో పుట్టిన కాన్సర్ పిత్తనాళాన్ని నొక్కి కామెర్లు తెస్తుంది. దీనికి న్యూయార్కు శస్త్రవైద్యుడు ఆలెన్ విపుల్ 1935లో ప్రకటించిన శస్త్రచికిత్స ప్రసిద్ధమైనది. జర్మనీలో కౌష్ అనే వైద్యుడు 1909లోనే ఇట్టిది చేసినాడు. క్లోమం తలభాగం, ఆంత్రమూలం, పిత్తాశయం, పిత్తనాళంలో కొంతభాగం తీసివేసి మిగిలినవాటిని ప్రేగుతో తిరిగి కలుపవలెను. తొలి దశాబ్దాలలో ఈ శస్త్రచికిత్సవలన చాలామంది మరణించేవారు. నేడు అనుభవం గల పెద్ద ఆసుపత్రులలో ఆ మరణాలు నూటికి అయిదుకు లోపే ఉన్నవి. అయినను వృద్ధులకు అది తేలిక విషయం కాదు.

క్లోమ కాన్సర్ ఆలస్యం సహించదు. సూదితో తీసిన ముక్కలో కాన్సర్ కణాలు కనబడకపోయినా, కాన్సర్ లేదని దానినిబట్టి చెప్పలేము; సూది వేరొక చోట తగిలి ఉండవచ్చును. అందుచేత అనుమానం బలంగా ఉన్నచోట శస్త్రవైద్యులు ముక్క పరీక్షకొరకు ఆగకుండా కోసేవారు. అది తర్కానికి నిలిచే నిర్ణయమే. అయితే కోసి తీసిన భాగాలను సూక్ష్మదర్శినిలో చూచినవారికి అప్పుడప్పుడు కాన్సర్ అసలే కనబడేది కాదు.

అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి వైద్యులు 2003లో ఈ లెక్కను బహిరంగంగా ప్రకటించినారు. విపుల్ శస్త్రచికిత్స జరిగిన 442 మంది నుండి తీసిన భాగాలను వారు పరీక్షించగా 47 మందిలో ఏ కణితీ లేదు. వారిలో చాలామందికి శస్త్రచికిత్స చేసినది కాన్సర్ అనుమానంతోనే. ఆ 47 మందిలో 11 మందికి ఉన్నది ఒక విచిత్రమైన వాపు. క్లోమమంతటా ప్లాస్మా కణాలు గుమిగూడి, నారవంటి కణజాలం అల్లుకొని, నాళాలను బిగించి ఉన్నది.

ఈ వాపు ఆనవాళ్లు అంతకు పూర్వమే దొరికినవి. 1961లో ఫ్రాన్సులోని మార్సెయి నగర వైద్యుడు హెన్రీ సార్ల్, మద్యంతో గాని రాళ్లతో గాని సంబంధం లేని క్లోమవాపును వర్ణించినాడు. ఆ రోగుల రక్తంలో గామాగ్లోబ్యులిన్‌లు అధికంగా ఉన్నవి. శరీరం తన క్లోమంమీద తానే యుద్ధం చేస్తున్నదేమో అన్న ప్రశ్న అప్పుడే పుట్టినది. దానికి 1995లో జపాన్ వైద్యుడు యోషిదా, ఆయన సహచరులు స్వయంప్రతిరక్షక క్లోమవాపు అనే పేరును ప్రతిపాదించినారు. స్టెరాయిడ్ మందులతో అది తగ్గుతుందని కూడా చూపినారు.

గుర్తుపట్టే ఉపాయం 2001లో దొరికినది. రక్తంలోని ఐ.జి.జి. ప్రతిరక్షకాలు నాలుగు ఉపవర్గాలు. నాలుగవది మామూలుగా మొత్తంలో నూటికి అయిదు పాళ్లు కూడా ఉండదు. జపాన్‌లోని షిన్షూ విశ్వవిద్యాలయానికి చెందిన హమానో బృందం ఈ వ్యాధి గల 20 మంది రక్తాన్ని పరీక్షించి, ఆ నాలుగవ వర్గం విశేషంగా పెరిగి ఉన్నదని కనుగొన్నది. క్లోమ కాన్సర్ గలవారిలో అట్టి పెరుగుదల సాధారణంగా కనబడలేదు. నూరు మిల్లీలీటర్లకు 135 మిల్లీగ్రాములను వారు ఎల్లగా తీసుకొన్నారు. 2003లో టోక్యో వైద్యుడు కమిసావా, ఈ కణాలు క్లోమంలోనే గాక పిత్తనాళాలలోను, లాలాజలగ్రంథులలోను, ఇతర అవయవాలలోను చేరుతున్నవని చూపి, ఇది ఒక అవయవానికి కాదు, దేహమంతటికీ సంబంధించిన వ్యాధి అన్నాడు. నేడు దానిని ఐ.జి.జి.4 సంబంధ వ్యాధి అంటున్నారు. ఇది ఎక్కువగా యాభై, అరవై దాటిన పురుషులలో వస్తుంది. కామెర్లే ముఖ్యలక్షణం, నొప్పి ఉన్నా సాధారణంగా స్వల్పం. వయసును బట్టి, లక్షణాలను బట్టి చూస్తే క్లోమ కాన్సర్‌కు నకలు దిద్దినట్లే ఉంటుంది.

రెండువైపులా ప్రమాదం

ఇంత తెలిసిన తరువాత, రక్తపరీక్ష ఒకటి చేస్తే సరిపోవునని తోచవచ్చును. అది తప్పు. క్లోమ కాన్సర్ గలవారిలో కూడా కొందరికి, సుమారు నూటికి పదిమందికి, ఆ ప్రతిరక్షకం కొంత పెరిగి ఉంటుంది. కాన్సర్ క్లోమవాపుకంటె చాలా సామాన్యం. కనుక స్వల్పపు పెరుగుదల చూచి కాన్సర్ కాదనుకొంటే పొరపాటు పడే అవకాశమే ఎక్కువ. ఇక్కడ గణితం వైద్యునికి పాఠం చెప్పుతున్నది: అరుదైన వ్యాధికి గుర్తు దొరికినా, సామాన్యమైన వ్యాధి వెంటనే తొలగిపోదు.

అందుచేత నేడు వైద్యులు ఏ ఒక్క సాక్ష్యాన్నీ నమ్మక, అన్నింటినీ కలిపి తీర్పు చెప్పుతారు. వాపులో క్లోమమంతా నునుపుగా, లావుగా ఉబ్బుతుంది. కాన్సర్‌లో ఒకచోట గడ్డకట్టి, దాని వెనుక క్లోమనాళం వెడల్పవుతుంది. ఎండోస్కోప్ చివర అల్ట్రాసౌండ్ అమర్చి, అనుమానమున్న చోటనుండి సూదితో ముక్క తీస్తారు. ఇతర అవయవాలలో వాపు ఉన్నదా అని చూస్తారు. కాన్సర్ లేదని చాలావరకు తేలిన తరువాతనే, నిపుణుల పర్యవేక్షణలో, రెండు వారాలు స్టెరాయిడ్ ఇచ్చి తిరిగి చిత్రం తీయడం ఒక పద్ధతి. వాపు అయితే కరుగుతుంది. కరుగకపోతే కాన్సర్ అనుమానం తిరిగి ముందుకు వస్తుంది. కాన్సర్‌ను వాపని పొరబడి నెలలు గడపడం, వాపును కాన్సర్ అని పొరబడి కోయడం రెండూ ప్రమాదాలే. మొదటిది ప్రాణానికి, రెండవది అవయవానికి.

మన గ్రామాలలో కామెర్లు రాగానే పసరు వేయించడం, వాతలు పెట్టించడం చాలాకాలంగా ఉన్న ఆచారం. పిల్లలకూ యువకులకూ వైరస్ వలన వచ్చే కామెర్లు చాలావరకు కొన్ని వారాలలో తమంత తామే తగ్గుతాయి. ఆ కీర్తి పసరుకు దక్కుతుంది. మూసుకొన్న నాళం పసరుకు తెరుచుకొనదు. అరవై దాటిన మనిషికి కండ్లు పచ్చబడి మలం తెల్లబడినప్పుడు గడచే ప్రతి వారమూ కోయదగిన కాన్సర్‌ను కోయరానిదిగా చేయవచ్చును. జ్వరం, చలి తోడైతే వారాలు కాదు, గంటలే లెక్క. షార్కో చెప్పిన ఆ మూడు లక్షణాలు నేటికీ వెంటనే ఆసుపత్రికి పొమ్మనే చెప్పుతున్నవి.

చరకుని పరిశీలననుండి ప్రతిరక్షకాల కొలతవరకు నడచిన ఈ దారిలో ఒక విషయం స్పష్టం. చోటును చూపే యంత్రాలు వేగంగా వచ్చినవి. స్వభావాన్ని చెప్పే జ్ఞానం మాత్రం నెమ్మదిగా, తాము తీసివేసిన అవయవాలను తిరిగి పరీక్షించి, వచ్చిన లెక్కను దాచక ప్రకటించినవారి వలన వచ్చినది. కూర్వాజియే తన నియమానికి లొంగని 25 మందిని కూడా లెక్కలో ఉంచినాడు. అరుదైన వ్యాధులను వెదకవలసిన చోటు అట్టి లొంగని అంకెలలోనే ఉన్నది.